దళారి యెవరి మనిషి?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. నేటి గృహస్థుడు ఈ రెండింటికి మూడవదానిని చేర్చుకొనవలసి యున్నది: ఇల్లమ్మి చూడు. ఇల్లు కట్టునపుడు మేస్త్రి యెదుటనే యుండును. పెండ్లినాడు వియ్యంకుడు కన్నులకగపడుచునే యుండును. అమ్మునపుడు మాత్రము తన ఆస్తిని గూర్చి ఎవరు ఎవరితో ఏమి మాటలాడుచున్నారో యజమానికే తెలియదు. మధ్యతరగతి కుటుంబములో ఇల్లే పెన్షను, ఇల్లే పిల్లల చదువు, ఇల్లే కడపటి జబ్బునకు దాచుకొన్న సొమ్ము. ముప్పది యేండ్ల కష్టార్జితము నాలుగు వారముల బేరములో తేలిపోవును. అట్టి బేరమును గూర్చి పత్రికలు మాటలాడకుండుట తగదు.

విజయవాడలో గాని, వరంగల్లులో గాని, హైదరాబాదులో గాని ఇల్లమ్మదలచిన ప్రతి గృహస్థుడును మొదట వేసికొను ప్రశ్న యొక్కటే: మనమే అమ్ముకొందమా, దళారికప్పగింతమా? ఈ ప్రశ్నకు సాధారణముగా కమీషనును జూచి సమాధానము చెప్పుకొందురు. నూటికి ఒకటియో రెండో మిగులునని కొందరు స్వయముగా పూనుకొందురు. ఆ తంటా మన కేల యని కొందరు అప్పగింతురు. ఈ ప్రశ్న తప్పని మే మనము. కాని దానికంటె ముందడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. మన యింటిని అమ్మిపెట్టెద ననుచు వచ్చినవాడు ఎవరి మనిషి? మనవాడా, కొనువానివాడా, లేక ఆ బేరమునకు మాత్రమే చెందినవాడా? ఇది తేలనిది కమీషను లెక్క కట్టుట వ్యర్థము.

ఇల్లమ్ముటలో నాలుగు పనులిమిడియున్నవి. వెల నిర్ణయించుట మొదటిది. కొనువానిని వెదకి తెచ్చుట రెండవది. హక్కుపత్రములను చూపి కొనువాని న్యాయవాదిని తృప్తిపఱచుట మూడవది. సొమ్ము పూర్తిగా చేతికి వచ్చువఱకు ఇల్లు చేజారకుండ కాపాడుకొనుట నాలుగవది. దళారి ప్రధానముగా చేయునది రెండవ పని; మొదటి దానికి సలహా నిచ్చును. మూడవదియు నాలుగవదియు అతడున్నను లేకున్నను యజమాని తలమీదనే యుండును. పత్రములు తనవి, సంతకము తనది, వ్రేలిముద్ర తనది. రేపు వ్యాజ్యము వచ్చిన ప్రతివాదియు తానే. కమీషను చెల్లించితిమి గనుక బాధ్యత తీరినదని యనుకొనుట మన గృహస్థులు చేయు మొదటి పొరపాటు.

వెల మాట విచారింతము. రిజిస్ట్రేషను కచేరీలో మార్కెట్టు విలువ యని చెప్పబడునది స్టాంపు సుంకము కట్టుటకు ప్రభుత్వము నిర్ణయించిన లెక్కయే గాని అసలు వెల కాదు. దస్తావేజులో వ్రాయు వెలయు పలుచోట్ల అసలు వెల కాదు; సగము కాగితముమీద, సగము సంచిలో నడచు బేరములు మన సమాజమునకు క్రొత్తవి కావు. కావున పొరుగింటి వాకిలి నిజముగా ఎంతకు చేతులు మాఱినదో తెలిసికొనుటకు గృహస్థునకు దారి లేదు. ఆ వీధిలో తిరుగు దళారికి మాత్రము తెలియును. మనము దస్తావేజులో అబద్ధము వ్రాసినంతకాలము నిజము దళారి జేబులోనే యుండును. అతని పలుకుబడిలో సగమును మన చేతులతో మనమే కట్టియిచ్చితిమి.

ఇక అతని లాభమును మన లాభముతో పోల్చి చూతము. ఒక యింటికి 80 లక్షల రూపాయలకు కొనువాడు వచ్చెననుకొందము. నూటికొకటి చొప్పున దళారికి 80,000 వచ్చును. మఱి రెండు నెలలు ఓపిక పట్టినచో 84 లక్షలు పలుకవచ్చును. ఆ నిరీక్షణవలన యజమానికి కలుగు లాభము నాలుగు లక్షలు. దళారికి కలుగు లాభము నాలుగు వేలు. నాలుగు వేల కొఱకు రెండు నెలలు ఎవడు తిరుగును? "మంచి బేరము, వదలుకొనకుడు" అని అతడు తొందరపెట్టుట దుర్మార్గము వలన కానక్కఱలేదు. లెక్కయే అతనిచేత అట్లనిపించును.

ఇది మా యనుమానము మాత్రమే కాదు. మన దేశములో అసలు వెలలు కాగితముమీదికి రావు గనుక ఇట్టి సంగతులను కొలుచుట కష్టము. అమ్మకపు వెలలు చాలవఱకు లెక్కలలో నిలుచు అమెరికాలో దీనిని కొలిచి చూచిరి. షికాగో ప్రాంతమున జరిగిన సుమారు లక్ష గృహవిక్రయములను లెవిట్, సైవర్సన్ అను ఇరువురు అర్థశాస్త్రజ్ఞులు పరిశీలించి 2008లో తమ నిర్ణయమును ప్రకటించిరి. ఏజెంట్లు తమ సొంత ఇండ్లను అమ్ముకొన్నపుడు, అట్టివే యైన ఇతరుల ఇండ్లకంటె నూటికి 3.7 వంతున అధికమైన వెల రాబట్టుకొనిరట. తమ ఇండ్లను తొమ్మిది పది దినములు ఎక్కువ కాలము అంగడిలో నుంచిరట. ఇతరుల యింటి విషయములో తొందరయు, తన యింటి విషయములో ఓర్పును! మానవస్వభావము సముద్రములు దాటినను మాఱదు.

అట్లని స్వయముగా అమ్ముకొన్నవారు లాభపడుదురని నిశ్చయింపవచ్చునా? విస్కాన్సిన్ రాష్ట్రమందలి మాడిసన్ నగరములో యజమానులే ప్రకటించుకొను వేదికమీద అమ్మిన ఇండ్లను, ఏజెంట్ల ద్వారా అమ్మిన ఇండ్లతో పోల్చిన పరిశోధన 2009లో వెలువడినది. ఏజెంటు మూలమున చెప్పుకోదగినంత అధికమైన వెల వచ్చినట్లు అందు కనబడలేదు. కాని ఏజెంటు ద్వారా పెట్టిన ఇల్లు త్వరగా అమ్ముడుపోయినది. దీనిని బట్టి తేలునది యేమనగా, కమీషనుతో మనము కొనునది వెల కాదు, కాలము. తొందర లేనివాడు కమీషను మిగుల్చుకొనవచ్చును; తొందర గలవాడు దానిని కాలమునకు మూల్యముగా నెంచి చెల్లింపవచ్చును.

అమెరికా సంగతియే మఱియొకటి కలదు. అచట స్థిరపడి ఇండ్లు కొని యమ్ము తెలుగు కుటుంబములు నేడు వేలకొలది యున్నవి గనుక ఇది మనకు పరాయి వార్త కాదు. అమ్మువాడు నూటికి ఐదో ఆఱో కమీషను ఒప్పుకొనుటయు, అందులో ఒక భాగము కొనువాని ఏజెంటునకు పోవుటయు అచట చిరకాలముగా ఆచారమై యుండెను. తనతో బేరమాడు ప్రతిపక్షికి తానే కూలి చెల్లించు నీ పద్ధతిని అమ్మకందారులు న్యాయస్థానములో ప్రశ్నించిరి. 2023 అక్టోబరు 31వ తేదీన మిస్సోరీ రాష్ట్రములో జూరీ వారు ఏజెంట్ల జాతీయ సంఘమునకును, కొన్ని పెద్ద సంస్థలకును వ్యతిరేకముగా సుమారు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారమును నిర్ణయించిరి. 2024 మార్చిలో ఆ సంఘము 41 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించుట కొడంబడి రాజీకి వచ్చెను. 2024 ఆగస్టు 17 నుండి క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. కొనువాని ఏజెంటు తన ప్రతిఫలమెంతయో ముందుగా కొనువానితో వ్రాతపూర్వకముగా ఒప్పుకొనిన పిదపనే ఇల్లు చూపవలెను. అమ్మువాడు అతని కెంత ఇచ్చునో ఏజెంట్ల ఉమ్మడి పట్టికలో ప్రకటింపరాదు. ఎవరి మనిషికి ఎవరు కూలి ఇచ్చుచున్నారో కాగితముమీద తేలవలెననుటయే ఆ వివాదమంతటి సారాంశము.

మన యెడ జరుగుచున్న దేమి? ఒకే దళారి అమ్మువాని చెంత నూటికొకటియు, కొనువాని చెంత నూటికొకటియు పుచ్చుకొనును. రెండేసి పుచ్చుకొనువారును కలరు. కాగితము లేదు, రసీదు లేదు. ఇరువురును అతనిని తమవాడనియే నమ్మి, తమ కడపటి మాటను చెవిలో చెప్పుదురు. వాది ప్రతివాదు లిరువురకు ఒకే వకీలు ఉన్న వ్యాజ్యము నెందైన కంటిమా? వెల విషయమున మాత్రము దానిని సహజమని సహించుచున్నాము.

ఇంతకంటె చెడ్డవి మఱి రెండు ఆచారములు కలవు. "మీ చేతికెంత రావలెనో చెప్పుడు, పైన వచ్చినది నాది" యనుట మొదటిది. వినుటకిది కమీషను లేని బేరమువలె నుండును. కాని ఆ మాట కొప్పుకొన్న క్షణము నుండి కొనువాడు నిజముగా ఇచ్చు వెలను మననుండి దాచుటయే అతని వృత్తియగును. రెండవది అగ్రిమెంటు వ్యాపారము. కొద్దిపాటి బయానా యిచ్చి, తన పేరనో తనవాని పేరనో అగ్రిమెంటు వ్రాయించుకొని, దీర్ఘమైన గడువు పెట్టించుకొని, ఆ గడువులోపల ఇంటిని అధిక ధరకు మూడవవాని కంటగట్టుట. మూడవవాడు దొరకినచో లాభ మతనిది. దొరకనిచో గడువు దాటిపోయి చిక్కుపడునది మన యిల్లు. కొనువాడుగా రాదలచినవాడు కొనువాడుగానే రావలెను. దళారి వేషమున వచ్చి కొనువాడగుట న్యాయము కాదు.

శాసన మేమి చెప్పుచున్నదో చూతము. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు శాసనము నేటికిని అమలులో నున్నది. ఏజెంటు తన యజమాని యాజ్ఞలకు లోబడి నడువవలెనని 211వ సెక్షను చెప్పుచున్నది. యజమాని కెఱుకపఱుపకుండ ఆ వ్యవహారములో తన సొంతమునకు బేరము చేసికొన్న ఏజెంటు లాభమును యజమాని రాబట్టుకొనవచ్చునని 216వ సెక్షను చెప్పుచున్నది. వేఱు ఒప్పందము లేనిచో, అప్పగించిన పని పూర్తియగు వఱకు ప్రతిఫలము బాకీ కాదని 219వ సెక్షనును, దుష్ప్రవర్తన కలిగిన భాగమునకు ప్రతిఫలమే లేదని 220వ సెక్షనును చెప్పుచున్నవి. ఇంత చక్కని రక్షణ నూటయేబది యేండ్లుగా నున్నను మనకు నిరుపయోగముగా నున్నది. ఏలయనగా, అతడు మన ఏజెంటని నిరూపించు చీటియైనను మనచేత నుండదు. "ఆ పైబేరము మీ కొప్పుదలయే గదా" యని అతడు అన్నచో మనవద్ద సమాధానము లేదు.

2016లో వచ్చిన రెరా శాసనము ఏజెంట్లందఱిని కట్టడి చేసినదని పలువురు నమ్ముచున్నారు. ఇది పొరపాటు. ఆ శాసనపు 9వ సెక్షను ఏజెంటు నమోదు చేసికొనవలెనని శాసించునది, నమోదైన ప్రాజెక్టులలో నిర్మాణదారుడు అమ్ము ప్లాట్లు, అపార్టుమెంట్లు, భవనముల విషయములో మాత్రమే. తాతగారు కట్టిన పెంకుటిల్లును, ఇరువది యేండ్ల క్రిందట కొన్న అపార్టుమెంటును తిరిగి అమ్మించు దళారికి ఆ నియమము తగులదు. క్రొత్త ఇల్లు కొనువానికి దొరకిన రక్షణ పాత ఇల్లమ్ము వృద్ధునకు దొరకలేదు. బ్రిటనులో 1979 నాటి ఎస్టేటు ఏజెంట్ల శాసనము క్రొత్త పాత భేదము పాటింపలేదు. తన ప్రతిఫలమెంతయో ఒప్పందమునకు ముందే తెలుపుటయు, ఆ బేరములో తనకు స్వంత ప్రయోజన మున్నచో వెల్లడించుటయు ఏజెంటునకు అచట విధి. మన శాసనకర్తలకు ఈ మాత్రము అసాధ్యము కాదు.

ఇంత చెప్పినను దళారి వృత్తినే నిందించుట మా యుద్దేశము కాదు. ఎండలో పది మందిని వెంటబెట్టుకొని తిరిగి, తొమ్మండుగురిచే కాదనిపించుకొని, పదవవాడు బేరము కుదుర్చుకొనిననాడే కూలి కండ్లజూచువాడతడు. దళారి చూపిన కొనువానితో చాటుగా మాటలాడుకొని, అతనికి రావలసినది ఎగవేయు గృహస్థులు లేకపోలేదు. నోటిమాటపై నడచు వ్యవహారములో మోసపోవునది అమ్మువాడొక్కడే కాదు. చీటి వ్రాసికొనుట అతనికిని రక్షణయే.

ఎవరు స్వయముగా అమ్ముకొనవచ్చును? ఉన్న ఊరిలో ఇల్లుండి, పత్రములు నిర్దుష్టములై, వారసులలో భేదాభిప్రాయము లేక, ఆఱు నెలలు వేచియుండగలవారు నిర్భయముగా పూనుకొనవచ్చును. వారు ముందుగా ఈ.సి. తీయించి చూచుకొనవలెను. లింకు దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, కట్టడపు అనుమతి ఒకచోట చేర్చి, న్యాయవాదిచే చదివింపవలెను. సామాన్యమైన శ్రద్ధతో కొనువాడు కనుగొనలేని లోపము తనకు తెలిసియున్నచో చెప్పవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ శాసనపు 55వ సెక్షను అమ్మువానిని బంధించుచున్నది. దాచిన లోపము తరువాత వ్యాజ్యమై వచ్చును. బయానాను బ్యాంకు ద్వారానే పుచ్చుకొనవలెను. 2015 జూను నుండి స్థిరాస్తి విక్రయములో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట నిషిద్ధము. పుచ్చుకొన్నంత మొత్తమును జరిమానాగా విధింపవచ్చును. వెల 50 లక్షలకు తగ్గనిచో కొనువాడు నూటికొకటి పన్నుగా మినహాయించి ప్రభుత్వమునకు కట్టును. ఆ కాగితమును అడిగి పుచ్చుకొనవలెను. పూర్తి సొమ్ము ముట్టనిది తాళపుచెవి ఇయ్యరాదు.

ఎవరికి దళారి యవసరము? ఊరికి దూరముగా నున్నవారికి, ఒంటరి వృద్ధులకు, వచ్చినవారందఱికి తలుపు తీయుటకు జంకు స్త్రీలకు, ఋణము తీర్చుటకై త్వరపడువారికి అతని సాయము వెలగలదే. అమెరికాలో నుద్యోగము చేయుచు తెనాలిలోనో కరీంనగరములోనో తల్లిదండ్రుల ఇల్లమ్ముకొనువారు నేడనేకులు. వీరికొక హెచ్చరిక. అమ్మువాడు విదేశవాసి యైనచో నూటికొకటి మినహాయింపు నియమము వర్తింపదు. అంతకు మిక్కిలి పన్ను మినహాయింపబడును గనుక ముందుగానే పన్నుల నిపుణుని సంప్రదింపవలెను. ముక్తియారు పత్రమును ఎన్నడును దళారి పేర వ్రాయరాదు. బంధువు పేర వ్రాసినను, ఆ యొక్క ఇంటికి, ఆ యొక్క పనికి పరిమితమైన ప్రత్యేక ముక్తియారుగా వ్రాయవలెను. జనరల్ పవరాఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామాలతో నడచు అమ్మకములు హక్కును బదిలీ చేయజాలవని సుప్రీముకోర్టు 2011లో సూరజ్ లాంప్ వ్యాజ్యమున స్పష్టపఱచినది. అగ్రిమెంటును జి.పి.ఏ.ను ఒకే కాగితములో కలిపి వ్రాయు అలవాటు మన తెలుగు రాష్ట్రములలో విశేషముగా నున్నది గనుక దీనిని మఱవరాదు.

దళారిని పెట్టుకొన్నవారు ఒక పుట ఒప్పందము వ్రాసికొనవలెను. అతడు తమ పక్షమువాడనియు, కొనువానియొద్ద పుచ్చుకొనునది యేమైన నున్నచో తెలుపవలెననియు, వచ్చిన ప్రతి బేరమును వెలతో సహా చెప్పవలెననియు అందుండవలెను. తానుగాని తన బంధువుగాని కొనదలచినచో ముందుగా వ్రాసి యియ్యవలెను. కమీషను ఎంతయో, అది రిజిస్ట్రేషను నాడు మాత్రమే చెల్లించునదియో స్పష్టముగా నుండవలెను. ఒప్పందపు గడువు మూడు నెలలకు మించరాదు. ఆ గడువులో అతడు చూపిన వానికే తరువాత అమ్మినను అతని ప్రతిఫల మతనికి ముట్టవలెను. న్యాయము రెండు వైపుల నుండవలెను. ఈ చీటికి సంతకము పెట్టుటకు వెనుదీయు దళారి ఎవరి మనిషియో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ప్రభుత్వములు చేయవలసినవియు రెండు కలవు. రెరా శాసనమును సవరించి పాత ఇండ్ల విక్రయమునకును ఏజెంటు నమోదును, వ్రాతపూర్వకమైన ఒప్పందమును విధింపవలెను. అసలు వెలకును కచేరీ వెలకును గల అంతరమును తగ్గించి, నిజమైన వెల దస్తావేజులోనికి వచ్చునట్లు చేయవలెను. పొరుగింటి వెల పదిమందికి తెలిసిననాడు దళారి తన శ్రమకు మాత్రమే కూలి పుచ్చుకొనును. మన యజ్ఞానమునకు పుచ్చుకొనడు. ఆ శాసనము వచ్చువఱకు వేచియుండనక్కఱలేని పని యొకటి మాత్రము గృహస్థుని చేతిలోనే యున్నది. ఇంటి తాళము ఇచ్చుటకు ముందు ఒక కాగితము, ఒక కలము తీసికొని, వచ్చినవానిని ఎదుట కూర్చుండబెట్టి, నీ వెవరి మనిషివని అడిగి వ్రాయించుకొనుటయే అది.